మన ఇండ్ల గోడలకూ ఒక చాదర్ కావాలి



మన హౌసింగ్ సొసైటీ ఇండ్ల నక్షా ఖాయమయ్యే దశకు వచ్చింది. వచ్చే నెల జనరల్ సభలో దానికి మంజూరీ అడుగుతారు. ఖోలీలు ఎన్ని, మోరీ ఎక్కడ, వంటింటి కిటికీ ఏ వైపు అనే విషయాల మీద ఇప్పటికి నాలుగుసార్లు కూర్చొని మాట్లాడుకున్నాము. గోడ దేనితో కడతారు, ఎంత మందం కడతారు అని మాత్రం ఎవరూ అడగలేదు. యూనియన్ తరఫున కమిటీలో కూర్చున్న మేము కూడా అడగలేదు. ఆ పొరపాటును ఒప్పుకొని ఈ మాటలు రాస్తున్నాము.

గత మే నెలలో కాంట్రాక్టరు కట్టి చూపించిన నమూనా ఇంటికి మా కార్యవర్గం రెండుసార్లు పోయింది. మొదటిసారి పొద్దున పోయాము. సున్నం వాసన, నున్నటి గోడలు, కొత్త తలుపులు చూసి అందరమూ సంతోషపడ్డాము. రెండోసారి రాత్రి తొమ్మిది గంటలకు పోయాము. బయట గాలి కొంచెం చల్లబడింది. లోపల పడమటి గోడ మీద చేయి ఆనిస్తే రొట్టెలు కాల్చి దించిన పెనం లాగా ఉన్నది. మాతో వచ్చిన ఒక సాంచా కార్మికుడు ఫ్యాను వేసి కింద పడుకొని చూశాడు. పది నిమిషాలకు లేచి, "మన పత్రా ఖోలీ అయినా ఈ పాటికి చల్లారుతుంది కదన్నా" అన్నాడు. ఆ మాట మాకు నిద్ర పట్టనివ్వలేదు.

అతను చెప్పింది నిజమే. పత్రా త్వరగా కాగుతుంది, త్వరగా చల్లారుతుంది. కాంక్రీటు పగలంతా ఎండను మింగి, మనం పడుకునే వేళకు లోపలికి వదులుతుంది. నమూనా ఇంటి గోడ ఆరు అంగుళాల వట్టి కాంక్రీటు. అల్యూమినియం పలకల సాంచెలు నిలబెట్టి గోడ, కప్పు కలిపి ఒకేసారి పోస్తారు. పని తొందరగా తెములుతుంది, ఖర్చు తగ్గుతుంది. కానీ మన మిల్లు లెక్కలో చెప్పుకుందాము. పదడుగుల ఎత్తు, పదకొండు అడుగుల వెడల్పు ఉన్న గోడకు బయటా లోపలా పది డిగ్రీల తేడా ఉంటే, ఆరు అంగుళాల వట్టి కాంక్రీటు సుమారు 350 వాట్ల వేడిని లోపలికి పంపుతుంది. అంటే ఆ గదిలో అరవై వాట్ల బల్బులు ఆరు వెలిగించి పెట్టినట్లే. తొమ్మిదంగుళాల ఇటుక గోడ అయితే సుమారు 200 వాట్లు. అదే కాంక్రీటు గోడకు బయట రెండు అంగుళాల థర్మోకోల్ పొర వేసి, జాలీ కట్టి, పైన ప్లాస్టర్ చేస్తే సుమారు 60 వాట్లు. ఆరు బల్బులు ఒక్క బల్బుకు దిగుతాయి.

ఇందులో మంత్రమేమీ లేదు. మనం నేసే చాదర్ వెచ్చగా ఉంచేది నూలు వల్ల మాత్రమే కాదు, నూలు పోగుల మధ్య చిక్కుకున్న గాలి వల్ల. ఐసు అమ్మేవాడు గడ్డను రంపపు పొట్టులో పూడ్చేది కూడా ఇందుకే. థర్మోకోల్‌లో ఉన్నది దాదాపు అంతా గాలే. ఒకే మందం తీసుకుంటే, దానికంటే కాంక్రీటు నలభై రెట్లకు పైగా వేడిని పోనిస్తుంది.

"అయితే కాంక్రీటే వద్దందాము, పాతకాలపు మట్టి గోడలు, మాళవదం ఇండ్లే చల్లన" అని పెద్దలు కొందరు అంటున్నారు. చల్లన అన్నమాట నిజం. కానీ 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున ఏమైందో మన తరం మరువలేదు. కిల్లారి భూకంపంలో దాదాపు పది వేల మంది చనిపోయారు. వారిలో ఎక్కువ మంది, రాళ్లు, మట్టి పేర్చిన మందపు గోడల కింద, మట్టి కప్పుల కింద నిద్రలోనే సమాధి అయినవారు. కిల్లారి మన షోలాపూర్‌కు ఎంతో దూరం కాదు. ఆ రాత్రి మనమూ పిల్లలను ఎత్తుకొని వీధిలోకి ఉరికినవాళ్లమే. కాబట్టి కాంక్రీటు వద్దని మేము అనము. ఇనుప కడ్డీలున్న కాంక్రీటు కావాలి, దాని మీద వేడిని ఆపే పొర కూడా కావాలి.

మేము మిల్లులో పని చేసిన రోజుల్లో చూసినది ఇక్కడ చెప్పాలి. బాయిలర్ నుండి వచ్చే ఆవిరి గొట్టాలకు బట్ట చుట్టినట్లు మందంగా పొర చుట్టేవారు, వేడి వృథా పోగూడదని. (ఆ పొరలో వాడిన ఆస్బెస్టాస్ ఊపిరితిత్తులకు ఎంత చేటో ఆ తర్వాత తెలిసింది, అది వేరే సంగతి.) స్పిన్నింగ్ ఖాతా కప్పు రంపపు పళ్ల లాగా ఉండేది. అద్దాలన్నీ ఉత్తరం వైపే. వెలుతురు రావాలి, ఎండ రాగూడదు. గాలిలో తేమ తగ్గితే పోగు తెగుతుందని తేమ యంత్రాలు పెట్టారు. పోగు కోసం ఇంత తెలివి వాడారు. ఆ పోగు తీసిన మనిషి పాళీ దిగి పోయే చాళ్ గురించి ఎవరూ ఆలోచించలేదు. ఇప్పుడు ఇల్లు మనది, సొసైటీ మనది, డబ్బు మన గ్రాట్యుటీది, ఆడవాళ్ల బీడీ మజూరీది. మనం కూడా ఆలోచించకపోతే తప్పు పట్టడానికి యజమాని లేడు.

రాత్రి పాళీ చేసి పగలు పడుకునే కార్మికుడిని తలచుకోండి. ఇంట్లో కూర్చొని పొద్దంతా బీడీలు చుట్టే తల్లులను తలచుకోండి. ఆకు ఎండిపోతుందని, తంబాకు ఎగురుతుందని ఫ్యాను కూడా గట్టిగా వేసుకోలేరు. మన ఊరిలో వేసవికి 42, 43 డిగ్రీలు మామూలు. కూలర్ పెట్టుకుందామంటే, కుళాయి మూడు నాలుగు రోజులకొకసారి వచ్చిన ఏండ్లు ఎన్ని చూశాము!

గోడలోనే ఈ పొర ఉండేటట్లు కట్టే పద్ధతులు కొత్తవి కావు. థర్మోకోల్ బోలు దిమ్మెలను పేర్చి, మధ్యలో కడ్డీలు పెట్టి కాంక్రీటు పోసే పద్ధతి కెనడాలో 1960లలోనే మొదలైంది. అక్కడ చలిని ఆపడానికి వాడారు, ఇక్కడ ఎండను ఆపడానికి పనికి వస్తుంది. మన దేశంలో 2021 జనవరి 1న కేంద్ర ప్రభుత్వం ఆరు ఊర్లలో కొత్త పద్ధతుల ఇండ్లకు శంకుస్థాపన చేసింది. అందులో ఇండోర్‌లోని 1,024 ఇండ్లకు ఎంచుకున్నది నడుమ తేలికైన పొర ఉన్న శాండ్‌విచ్ పలకల గోడలు. 2018 డిసెంబర్‌లో వచ్చిన ఇకో నివాస్ సంహిత అనే నియమావళి ఇంటి గోడల గుండా, కప్పు గుండా ఎంత వేడి రావచ్చునో హద్దు పెట్టింది. వట్టి కాంక్రీటు కప్పు ఆ హద్దుకు మూడు రెట్ల దాకా పోతుంది. అయితే రాష్ట్రాలు దాన్ని తమ నిబంధనల్లో చేర్చుకుంటేనే కాంట్రాక్టరుకు కట్టుబాటు. అందుకే అడగవలసింది మనమే.

అన్ని ఇండ్లకూ ఒకే మందు పనికిరాదు. ఇంట్లోనే మగ్గమో, మోటారో నడిపే కుటుంబాలు మనలో ఉన్నాయి. చాదర్ కప్పుకుంటే బయటి చలి రాదు, లోపలి వేడీ పోదు. గోడ కూడా అంతే. మోటారు వేడి, పొయ్యి వేడి బయటికి పోవాలంటే ఎదురెదురు కిటికీలు ఉండాలి, రాత్రి వాటిని తెరవాలి. ఆ సౌకర్యం లేకుండా పొర ఒక్కటే వేస్తే ఇల్లు కొలిమి అవుతుంది. ఇంకొకటి, థర్మోకోల్ అంటుకుంటుంది, దాని పొగ విషం. పత్తి ఖాతాలో నిప్పు ఎట్లా పరుగెత్తుతుందో మనకు ఒకరు చెప్పనక్కర లేదు. మంటను త్వరగా పట్టని రకమే తేవాలి, ఒక అంగుళం కూడా బయటికి కనపడకుండా ప్లాస్టర్‌తో మూయాలి. ఆ పని జరిగేటప్పుడు మన మనుషులు దగ్గర నిలబడి చూడాలి.

గోడల కంటే ముందు పై అంతస్తు కప్పు సంగతి తేల్చాలి. ఎండ ఎక్కువ పడేది దాని మీదనే. ఇటుక ముక్కల కోబా, దాని మీద తెల్ల పెంకుల ముక్కలు, అంతకు వీలు కాకపోతే ఏటేటా సున్నం. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల కోసమే ఒక విధానం తెచ్చింది. మన తాతలు వదిలి వచ్చిన గడ్డ మీద జరుగుతున్నది ఇక్కడ ఎందుకు జరగగూడదు?

ఖర్చు పెరుగుతుందని కాంట్రాక్టరు అంటున్నాడు. పెరుగుతుంది, మేము కాదనము. అందుకే కెనడా పద్ధతి యావత్తూ కావాలని అడగడం లేదు. పడమటి గోడకూ, దక్షిణపు గోడకూ, కప్పుకూ పొర వేస్తే సగానికి పైగా పని అవుతుంది. లేదా కాంక్రీటు స్తంభాల మధ్య తేలికైన ఏఏసీ దిమ్మెలతో గోడ కట్టినా, వేడి ఇటుక గోడలో సగం కూడా రాదు. ఈ రెండు పద్ధతులకూ విడివిడిగా రేటు రాయించి సభ ముందు పెట్టమని కోరుతున్నాము. రేటు చూడకుండా "మనకు అందదు" అనడం మాకు నచ్చలేదు. బీడీ కార్మిక మహిళలకు 10,000 ఇండ్లు రావని అన్నవారు 2006లో గోదూతాయి కాలనీ చూశారు. కుంభారి దగ్గర రే నగర్ 30,000 ఇండ్లు కల అన్నవారు 2024 జనవరి 19న మొదటి 15,000 ఇండ్లు కార్మికులకు దక్కడం చూశారు.

ఈ కోరికతో సొసైటీ చైర్మన్‌గారికి ఇచ్చే ఉత్తరం మన ఆఫీసులో తయారుగా ఉంది. సభకు ముందు వచ్చే ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిది నుండి ఒంటి గంట వరకు, మిగతా రోజుల్లో రెండో పాళీ మొదలైన తర్వాత ఎప్పుడైనా వచ్చి సంతకం చేయగలరు. వాటా రశీదు ఇంటి ఆడవారి పేరు మీద ఉంటే సంతకం వారే చేయాలి, వారిని వెంట తీసుకొని రండి. రశీదు నంబరు మరువకండి.