చెయ్యెత్తితే ఆగుతాం, చెయ్యి చేసుకుంటే ఊరుకోం

రోడ్డు మీద పోలీసు చెయ్యెత్తితే బండి ఆపాలి. ఇందులో మాకు ఏ పేచీ లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే డ్రైవరు లైసెన్సు చూపించాలి. చూపిద్దాం. మా పేచీ అంతా బండి ఆగిన తర్వాత జరిగే దాని గురించే.

కారాయన అద్దం దించితే 'సార్, కాయితాలు' అనే నోరే ఆటో దగ్గరికొచ్చేసరికి 'ఏరా, దిగు' అంటుంది. కారాయన ఎవరికో ఫోను కలుపుతాడు, కారు కదిలిపోతుంది. ఆటోవాడు ఎవరికి కలపాలి? ముందు తాళం చెవి పోతుంది. తర్వాత ప్రశ్నలు మొదలు. ఏ ఊరు? ఊళ్ళో ఏ వైపు? ఎవరి తాలూకు? లైసెన్సు మీద కులం రాసి ఉండదు కదా, అందుకే ఈ ప్రశ్నలన్నీ. కాయితాలు అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలేలోపు ప్యాసింజర్లు దిగి ఇంకో ఆటో ఎక్కేస్తారు. ఆ పూట కిరాయి పోయినట్టే. ఫైనాన్సు కంతు మాత్రం ఆగదు.

బండి తోలే హక్కు మనకు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1929లో అంటరానివారి కష్టాలు విచారించే ప్రభుత్వ సంఘంలో సభ్యుడిగా ఉన్న బాబాసాహెబ్ అంబేద్కర్ చాలీస్‌గావ్‌లో రైలు దిగితే, ఆయన్ని ఎక్కించుకోవడానికి టాంగావాళ్ళు ఒప్పుకోలేదు. చివరికి తోలడం చేతకాని మన మనిషే పగ్గాలు పట్టాడు. కల్వర్టు దగ్గర చక్రం తగిలి బాబాసాహెబ్ రాళ్ళ మీద పడ్డాడు. కాలు విరిగింది. బారిస్టరు చదువు కూడా టాంగావాడి కులగర్వం ముందు పనికిరాలేదు. ఆ పగ్గాలే ఇవాళ స్టీరింగై మన పిల్లల చేతికొచ్చాయి. కార్పొరేషన్ లోనుతోనో, పుస్తెలు తాకట్టు పెట్టో కొనుక్కున్న బండి అది. దాని తాళం చెవి నడిరోడ్డు మీద లాక్కుంటుంటే చూస్తూ ఊరుకోవాలా?

ఇంకో సంగతి. మన కుర్రాళ్ళలో చాలామంది నడిపేది సొంత బండి కాదు, ఆసామి ట్రాక్టరు. కూలీలను ట్రక్కులో ఎక్కించమన్నది ఆసామి. ఇన్సూరెన్సు కట్టనిది ఆసామి. స్టేషన్లో కూర్చునేది మాత్రం డ్రైవరు. ఆసామి ఫోను చేస్తే ట్రాక్టరు ఇంటికి పోతుంది, డ్రైవరు బెంచీ మీదే ఉంటాడు. కానీ చట్టం ఇలా చెప్పలేదు. ఇన్సూరెన్సు లేని బండిని నడిపినవాడితో పాటు నడపనిచ్చినవాడూ నేరస్థుడేనని 196వ సెక్షన్ చెబుతుంది. లైసెన్సు లేనివాడికి బండి ఇచ్చిన యజమాని మీద 180వ సెక్షన్ కింద కేసు పెట్టొచ్చు. ఈ సెక్షన్లు ఆసామి గుమ్మం దాకా ఎందుకు పోవో పోలీసులే చెప్పాలి.

జరిమానాల సంగతి చూడండి. 2019 సెప్టెంబర్ 1 నుంచి చట్టంలో రేట్లు మారాయి. లైసెన్సు లేకపోతే 500 ఉన్నది 5,000 అయింది. హెల్మెట్ లేకపోతే 100 ఉన్నది 1,000 అయింది. 200వ సెక్షన్ కింద స్పాట్‌లో కట్టించుకునే మొత్తం రాష్ట్రాలు నిర్ణయించుకోవచ్చు కాబట్టి ఒక్కోచోట ఒక్కో రేటు నడుస్తోంది. తెలంగాణలో 2022లో టూ వీలర్ల పాత చలానాల మీద 75 శాతం, 2023 డిసెంబర్‌లో 80 శాతం తగ్గించారు. జనం కట్టలేనంత వేశామని సర్కారే ఒప్పుకున్నట్టు కాదా ఇది?

డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. 2020 జూలైలో చీరాలలో మాస్కు లేదని బైకు మీద పోతున్న ఇద్దరు కుర్రాళ్ళను పోలీసులు ఆపారు. వారిలో ఒక దళిత యువకుడు ఆసుపత్రిలో చనిపోయాడు. కొట్టి చంపారని కుటుంబం, జీపులోంచి దూకాడని పోలీసులు. ఎవరి మాట ఎలా ఉన్నా మాస్కు తప్పుకు పడాల్సింది జరిమానా. ప్రాణం కాదు.

అందుకే ప్రతి డ్రైవరూ నాలుగు ముక్కలు గుర్తుపెట్టుకోవాలి. బండి ఆపగానే తాళం చెవి లాక్కొమ్మని చట్టంలో ఏ సెక్షనూ లేదు. లైసెన్సు తీసుకుంటే 206వ సెక్షన్ ప్రకారం రసీదు ఇవ్వాల్సిందే. లైసెన్సు తిరిగొచ్చేదాకా ఆ రసీదే లైసెన్సు. 2018 నుంచి ఫోనులో డిజిలాకర్‌లో ఉన్న కాయితాలు కూడా అసలు కాయితాలతో సమానం. రసీదు లేకుండా చేతిలో పెట్టే నోటు జరిమానా కాదు, మామూలు. చట్టాన్ని అమలు చేసేవాళ్ళే ఈ చట్టం కింద తప్పు చేస్తే 210-బి సెక్షన్ ప్రకారం జరిమానా రెట్టింపు. ఈ ముక్క ఏ చెక్‌పోస్టు బోర్డు మీదైనా రాశారా?

కులం పేరుతో తిడితే అది ట్రాఫిక్ సంగతి కాదు. నలుగురూ చూసేచోట తిట్టడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. నడిరోడ్డు కంటే నలుగురూ చూసేచోటు ఇంకేముంది? తిట్టినవాడు ఎస్సీ, ఎస్టీ కాకపోతే ఖాకీ వేసుకున్నా సరే, కేసు నడుస్తుంది. ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018 సవరణ చెబుతోంది. స్టేషన్లో తీసుకోకపోతే ఫిర్యాదును పోస్టులో జిల్లా ఎస్పీకి పంపవచ్చు.

ఒక మాట మన వైపూ చెప్పుకోవాలి. తాగి నడిపేవాణ్ణి మేము వెనకేసుకు రాం. లైసెన్సు లేని పిల్లాడి చేతికి బండి ఇచ్చే తండ్రినీ వెనకేసుకు రాం. రోడ్డు మీద పోయే ప్రాణాల్లో మనవీ ఉన్నాయి. అలాగే ఎండలో నిలబడే కానిస్టేబుళ్ళలో, హోంగార్డుల్లో మన పిల్లలూ ఉన్నారు. మా తగాదా వాళ్ళతో కాదు, మనిషిని చూసి మాట మార్చే ఆ పద్ధతితో.

ఒంటరిగా అడిగితే ఎదురు తిరిగాడంటారు. పదిమందితో కలిసి రాసి అడిగితే జవాబు చెప్పక తప్పదు. ప్రతి ఆటో స్టాండులో, ప్రతి పేట సంఘంలో ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ తేదీన, ఏ సెంటర్లో ఆపారు, అధికారి ఛాతీ మీద పేరేమిటి, ఏమన్నాడు, ఎంత తీసుకున్నాడు, రసీదు ఇచ్చాడా, చూసినవాళ్ళెవరు? ఆ రోజే రాయించండి. చదువు రానివాడు చెబితే చదువుకున్న పిల్ల రాయాలి. నెల తిరిగాక పదిమంది కలిసి ఆ పుస్తకం పట్టుకుని ఎస్పీ ఆఫీసుకు వెళ్ళండి. మన సెంటర్లో ఎన్ని కేసులు రాశారో, ఎంత వసూలు చేశారో 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. వాళ్ళ లెక్క, మన లెక్క పక్కపక్కన పెట్టి చూద్దాం. తేడా ఎవరి జేబులోకి పోయిందో అప్పుడు అడుగుదాం.

రేపు పొద్దున్న సెంటర్లో చెయ్యెత్తుతారు. ఆపుదాం. కాయితాలు చూపిద్దాం. తప్పుంటే కడదాం. కట్టిన ప్రతి రూపాయికీ 'సార్, రసీదు ఇవ్వండి' అని తలెత్తి అడుగుదాం.