మానసిక వార్డులో చేరితే మళ్లీ బయటకు పంపుతారా?

ఎక్స్‌రే గురించి, ఆపరేషను ఖర్చు గురించి అడిగేవారు వరండాలో నిలబడి పదిమందిలో అడుగుతారు. మానసిక వార్డు గురించి అడిగేవారు మాత్రం నా గదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడుగుతారు. వారి మొదటి ప్రశ్న "నయమవుతుందా?" అని కాదు. "చేరితే మళ్లీ బయటకు పంపుతారా సిస్టర్?" అని.

ఈ భయం ఊరికే పుట్టలేదు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో, గొలుసులతో కట్టివేయబడిన 28 మంది మానసిక రోగులు అగ్నిప్రమాదంలో చనిపోయారు. ఆ వార్త చదివినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. సినిమాల్లో చూపే పిచ్చాసుపత్రి, షాకు పెట్టే సీను సరేసరి. అందుకే ఈసారి పాఠకులకు ఒక టీచరుగారి సంగతి చెప్పాలనుకున్నాను. ఆమె ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.

నలభై దాటిన ఆమె ఒక సోమవారం ఒంటరిగా బస్సు దిగి ఓ.పి.కి వచ్చారు. చేతిలో సంచి, అందులో రెండు చీరలు, దువ్వెన, టిఫిను బాక్సు. మూడు నెలలుగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది, అన్నం సహించడం లేదు, పిల్లల నోటు పుస్తకాలు దిద్దలేకపోతున్నారు. "అవన్నీ ఓర్చుకున్నాను సిస్టర్. కానీ వారం రోజులుగా పెరట్లో బావి దగ్గరకు పోవాలంటే భయమేస్తోంది. నన్ను నేనే నమ్మలేకపోతున్నాను. కొన్నాళ్లు ఎవరైనా నన్ను కనిపెట్టుకొని ఉండాలి" అన్నారు. డాక్టరుగారు చేరమని చెప్పకముందే ఆమె బట్టలు సర్దుకొని వచ్చారు.

మర్నాడు భర్త వచ్చారు. "నేనుండగా, నా సంతకం లేకుండా ఎలా చేర్చుకున్నారు?" అని అడిగారు. చెడ్డ మనిషి కాదు, భయపడిన మనిషి. ఆయనకు చెప్పిన మాటే ఇక్కడా చెబుతున్నాను. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, 18 ఏళ్లు నిండి, తన చికిత్స గురించి తాను నిర్ణయించుకోగల స్థితిలో ఉన్న వ్యక్తి తానే వచ్చి చేర్చుకోమని అడగవచ్చు. చేరవలసినంత జబ్బు ఉందని, చికిత్సతో మేలు జరుగుతుందని డాక్టరు భావిస్తే చేర్చుకోవచ్చు. దానికి భర్త సంతకం గాని, తండ్రి సంతకం గాని అవసరం లేదు. ఇలా చేరినవారిని చట్టం స్వతంత్ర రోగి అంటుంది. వీలైనంతవరకు చేరికలన్నీ ఇలాగే జరగాలని కూడా అంటుంది.

అయినా "వెంట మనిషి లేకపోతే చేర్చుకోం" అని తిప్పి పంపే అలవాటు చాలాచోట్ల పోలేదు. దీనిమీద నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. కుటుంబం పక్కన ఉంటే రోగి త్వరగా కోలుకుంటారు, అందులో సందేహం లేదు. 1950లలోనే అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ గారు గుడారాలు వేయించి రోగుల బంధువులను ఆవరణలోనే ఉంచారు. వేలూరు సి.యం.సి. వారి మానసిక ఆరోగ్య కేంద్రం కూడా కుటుంబ సభ్యుణ్ణి రోగితోపాటు ఉంచే పద్ధతికి పేరు పొందింది. కానీ సాయంగా ఉండవలసిన బంధువును గేటు పాసుగా మార్చకూడదు. ఆ టీచరుగారిని సోమవారం తిప్పి పంపి ఉంటే ఆమె మళ్లీ ఆ బావి ఉన్న ఇంటికే వెళ్లేవారు కదా.

ఇక లోపల ఏం జరుగుతుంది? మొదట మేము చేసే పని చాలామందికి అవమానంగా తోస్తుంది. సంచి విప్పి చూస్తాము. బ్లేడు, కత్తెర, గాజు సీసా, చార్జరు తీగ, బెల్టు, చున్నీ, ఇంటినుంచి తెచ్చుకున్న మాత్రలు తీసి పక్కన పెడతాము. టీచరుగారి గాజు గాజులు తీయమన్నప్పుడు ఆమె కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అది ఆమెమీద అనుమానం కాదు. పక్క మంచం మీద ఎవరున్నారో, ఆ రాత్రి వారి మనసు ఎలా ఉందో ఎవరికి తెలుసు? తీసుకున్న ప్రతి వస్తువూ పుస్తకంలో రాసి మీ చేత సంతకం చేయించాలి. రాయకపోతే మీరే అడిగి రాయించండి. మీ సొంత బట్టలు కట్టుకొనే హక్కు మీకుంది. బలవంతంగా గుండు చేయకూడదు. గొలుసులతో కట్టడం చట్టరీత్యా నిషేధం.

తర్వాత బరువు, బి.పి., రక్త పరీక్షలు. మనసు జబ్బుకు రక్తం ఎందుకని అడుగుతారు. థైరాయిడ్ తగ్గినా దిగులు జబ్బులాగే కనబడుతుంది, అందుకు. ఒకే ప్రశ్న నర్సు, డాక్టరు, సైకాలజిస్టు ముగ్గురూ అడుగుతారు. విసుగు పుడుతుంది. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడుగుతాము. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని కొందరు బంధువులు మామీద కోపపడతారు. పుట్టదు. అడిగినందుకు "హమ్మయ్య" అనుకొన్నవారినే నేను ఎక్కువగా చూశాను.

రాత్రిపూట టార్చి వేసుకొని మంచం మంచం దగ్గరకు వస్తాము. నిద్రాభంగమే, ఒప్పుకుంటాను. మాత్ర మా ఎదుటే మింగాలి. పక్క మంచం మనిషి అరవవచ్చు, ఏడవవచ్చు. అన్నిటికన్నా ఎక్కువగా విసుగు ఉంటుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు గడియారం కదలదు. చదువుకొనే పుస్తకం ఒకటి తెచ్చుకోండి.

దిగులు జబ్బు మందులు తలనొప్పి మాత్రల్లాంటివి కావు. గుణం కనిపించడానికి రెండు మూడు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. వికారం, నోరు ఎండిపోవడం, మత్తు వంటివి మాత్రం ముందే వస్తాయి. ఈ సంగతి మొదటిరోజే చెప్పకపోవడం వల్లనే చాలామంది మొదటి వారంలో మందులు మానేస్తారు. కరెంటు చికిత్స అందరికీ ఇవ్వరు. ఇవ్వవలసివస్తే మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా ఇవ్వకూడదని చట్టమే చెబుతోంది. కొంతకాలం మతిమరుపు ఉండవచ్చు, అదీ ముందే చెప్పాలి. స్వతంత్ర రోగికి ఏ చికిత్స అయినా వివరంగా చెప్పి, ఒప్పుకున్నాకే చేయాలి.

అయిదో రోజు సాయంత్రం టీచరుగారు "నేను ఇంటికి వెళ్తాను" అన్నారు. డ్యూటీ సిస్టరు నా దగ్గరకు పరుగెత్తుకొచ్చి, "డాక్టరుగారు ఊళ్లో లేరని చెప్పమంటారా మేడమ్?" అని అడిగింది. ఆ పిల్లను తిట్టలేకపోయాను. ఎందుకంటే నేను జి.యన్.యం. చదివేటప్పుడు, సైకియాట్రీ పోస్టింగులో, వరండాలో కూర్చున్న ఒకామెతో "లోపల మీ అన్నయ్య ఉన్నారు, రండమ్మా" అని చెప్పి వార్డులోకి తీసుకువెళ్లాను. అన్నయ్య లేడు. వెనుక తాళం పడింది. ఆమె నావైపు చూసిన చూపు ముప్పై ఏళ్లు దాటినా పోలేదు. నేను అక్కడ ఉన్నన్ని రోజులూ ఆమె నా చేతి మాత్ర మింగలేదు.

స్వతంత్ర రోగి వెళ్తానంటే పంపాలి. అయితే ప్రాణాపాయం, ఇతరులకు హాని, తనను తాను చూసుకోలేని స్థితి, నిర్ణయం అర్థంకాని స్థితి వంటివి ఉన్నాయని డాక్టరుకు అనిపిస్తే, పరీక్షించడానికి 24 గంటలు ఆపవచ్చు. ఆలోగా పంపాలి, లేదా అవసరమని తేలితే చట్టంలోని వేరే పద్ధతి ప్రకారం ఉంచాలి. ఆ పద్ధతిలో నామినీ దరఖాస్తు, ఇద్దరు నిపుణుల విడివిడి పరీక్ష కావాలి, గడువు 30 రోజులకు మించదు, బోర్డుకు తెలియజేయాలి. ఇది దాచవలసిన విషయం కాదు, చేరేరోజే చెప్పవలసిన విషయం. మన వార్డుకూ గ్రిల్లు తలుపు, తాళం ఉన్నాయి. ఎప్పుడు వేస్తారో, ఎవరిని అడిగితే తీస్తారో కూడా చెప్పాలి.

డాక్టరుగారు ఆ రాత్రే వచ్చి గంటసేపు మాట్లాడారు. ఆమెకు నిద్ర పట్టడం మొదలైంది, ఆ ఆలోచనలు తగ్గాయన్నారు. ఇంకా ఉంటే మంచిదని చెప్పారు, కానీ ఆపవలసినంత కారణం కనిపించలేదు. మర్నాడు పంపించాము. మాత్రలు భర్త చేతికిచ్చి, బావి మీద ఇనుప జాలీ వేయించమని చెప్పాను. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పంపి తప్పు చేశామా అనుకున్నాను.

మూడు వారాలకు ఆమె మళ్లీ వచ్చారు, తానే అడిగి. సంచి భర్త చేతిలో ఉంది. "ఎక్కడ సంతకం పెట్టాలి?" అని ఆయన అడిగితే, "సంతకం టీచరుగారిదే, మీరు సంచి తీసుకొని నా వెంట రండి" అన్నాను. ఈసారి 18 రోజులు ఉన్నారు. మొదటిసారి ఆపి ఉంటే రెండోసారి వచ్చేవారు కాదని నా నమ్మకం.

అందుకే బంధువులకు ఒక మాట. పెళ్లికి వెళ్దామని, ఊరు చూసొద్దామని కారెక్కించి తీసుకురావద్దు. ప్రార్థన చేస్తే పోతుంది, మందులు వేస్తే విశ్వాసం లేనట్టు అనే మాట కూడా అనవద్దు. చక్కెర జబ్బుకు ఇన్సులిన్ వేసుకొనేవారిని ఎవరూ అలా అనరు. తాగుడు మానడానికి చేరేవారి విషయంలో ఇంకో సంగతి: రోజూ ఎక్కువగా తాగేవారు ఇంట్లో ఒక్కసారిగా ఆపితే ఫిట్సు, మతిభ్రమ రావచ్చు, ప్రాణానికే ముప్పు. వారిని ఆపకముందే తీసుకురండి.

బీమా ఉన్నవారు కార్డు తెచ్చుకోండి. మానసిక జబ్బుకూ శరీర జబ్బుతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టం చెబుతోంది. ఎంతవరకు వస్తుందో మీ పాలసీ చూపించి బిల్లుల కౌంటరులో ముందే కనుక్కోండి. రోగి జబ్బు వివరాలు గోప్యంగా ఉంచవలసిన బాధ్యత మాది. పక్కింటివారు ఫోను చేసి అడిగినా చెప్పము. ఇప్పటికిప్పుడు రాలేనివారు టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు. ఖర్చు లేదు, రాత్రి పగలు పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రాణం మీదికి వచ్చినట్టుంటే ఓ.పి. సమయం కోసం ఆగవద్దు, క్యాజువాలిటీకి రండి.