పాత గ్రుడ్ల సాక్ష్యము

చచ్చిన పక్షులను, పాత గ్రుడ్లను వస్తుప్రదర్శనశాలలలో దాచుట వ్యర్థమని కొందరు తలంతురు. అది సరికాదు.

రెండవ ప్రపంచయుద్ధానంతరము బ్రిటనులో పెరిగ్రిన్ అను డేగజాతి క్షీణింపసాగెను. పొదుగుచుండగనే వాని గ్రుడ్లు పగిలిపోవుచుండెను. డెరిక్ రాట్‌క్లిఫ్ అను శాస్త్రజ్ఞుడు వస్తుప్రదర్శనశాలలలోను, ఔత్సాహికులయొద్దను భద్రముగానున్న పాత గ్రుడ్లను క్రొత్తవానితో పోల్చి తూచెను. 1947 ప్రాంతమునుండి పెంకులు పలుచబడినవని 1967లో వెల్లడించెను. ఆహారముద్వారా డేగల శరీరములలో చేరిన డి.డి.టి. అను పురుగుమందే ఇందుకు కారణమని తరువాత రుజువైనది. దాని వాడుకను క్రమముగా అరికట్టిన పిదప డేగలు మరల వృద్ధిచెందినవి.

పూర్వము ఆ గ్రుడ్లను సేకరించినవారిలో పలువురు డి.డి.టి. పేరైన ఎరుగరు. అయినను వారు తేదీ, స్థలము వ్రాసి భద్రపరచినందుననే సత్యము బయటపడెను. రేపటి ప్రశ్న యేదో నేడెవరును చెప్పజాలరు. కావున ఇట్టి సేకరణలను నిర్లక్ష్యముతో చెడనిచ్చుట భావితరములకు ద్రోహము చేయుటయే యగును.