సాత్‌బారా చదివి చెప్పే లాయరు కావాలి

పీవీ నరసింహారావు పేరెత్తితే మన క్లాసులో అందరూ 1991 దగ్గరికే పోతారు. ప్రధానమంత్రి, ఆర్థిక సంస్కరణలు, మొన్నటి భారతరత్న. నాకు మాత్రం అంతకు ముందటి పీవీ మీదే ఆసక్తి. మాది గోదావరికి అవతల, మహారాష్ట్రలోని సిరోంచ తాలూకా. అందుకే కావచ్చు.

వంగర నుంచి పోయి నాగపూర్‌లో లా చదివారాయన. హైదరాబాద్‌లో బూర్గుల రామకృష్ణారావు గారి దగ్గర జూనియర్‌గా చేరారు. నిజాం మీద పోరాటం జరిగే రోజుల్లో చాందా శిబిరంలో పనిచేశారు. చాందా అంటే ఇప్పటి చంద్రపూర్. మా సిరోంచ అప్పుడు ఆ జిల్లాలోదే, గడ్చిరోలి జిల్లా 1982లో గానీ రాలేదు. 1957లో మంథని నుంచి ఎమ్మెల్యే అయి ఇరవై ఏళ్లు అక్కడే గెలిచారు. ముఖ్యమంత్రిగా భూసంస్కరణలకు పట్టుబట్టి భూస్వాములకు కంటగింపయ్యారు. తర్వాత 1984లో మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి లోక్‌సభకు పోయారు. అటూ ఇటూ ఓట్లు అడగగలిగిన మనిషి!

మన డిపార్ట్‌మెంట్‌లో ఆయన్ని 'వేయిపడగలు' హిందీలోకి తెచ్చినాయనగానే చెప్పుకుంటాం. హరి నారాయణ్ ఆప్టే మరాఠీ నవలను 'అబల జీవితం'గా తెలుగు చేసిన సంగతి ఎవరూ ఎత్తరు. ఒక మరాఠీ ఇంటి ఆడపిల్ల తన కథ తానే చెప్పుకునే నవల అది. ఆడపిల్లల కాలేజీలో ముందు చెప్పుకోవాల్సింది అదే అని నా అభిప్రాయం.

లా, మరాఠీ, తెలుగు మూడూ ఒకే మనిషి దగ్గర ఉండడం ఎంత అవసరమో మా దగ్గరకొస్తే తెలుస్తుంది. మాకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. భూమి కాగితాన్ని సాత్‌బారా అంటాం, మీ పహాణీ లాంటిది. అదీ మరాఠీలోనే ఉండేది. మా నాయనమ్మకు తన పొలం గట్లు కళ్లు మూసుకున్నా తెలుసు, కాగితంలో ఏం రాసుందో మాత్రం తెలియదు. ఆరో తరగతిలో ఉన్న నేను చదివి చెప్పేదాన్ని. నాకూ సగమే అర్థమయ్యేది.

మేడిగడ్డ బ్యారేజీ వచ్చాక ఈ కష్టం ఇంకా పెరిగింది. 2019లో తెలంగాణ దాన్ని ప్రారంభించింది. వెనక నీళ్లు మా తాలూకా పొలాల్లోకి వచ్చాయి. పరిహారం కోసం రైతులు సిరోంచలో ధర్నాకు కూర్చున్నారు. బ్యారేజీ ఒక ప్రభుత్వానిది, పొలాలు ఇంకో రాష్ట్రంలో. ఎవరిని అడగాలి, ఏ కాగితం పెట్టాలి అని తెలుగులో కూర్చోబెట్టి చెప్పే లాయర్లు మాకు ఎంతమంది ఉన్నారు? అందులో ఆడవాళ్లు ఎంతమంది?

బీఏ తెలుగు చదివితే తర్వాత పండిట్ ట్రైనింగో, బీఈడీయో అనుకుంటున్నాం. మంచివే. కానీ మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి కూడా ఏ డిగ్రీ అయినా పనికొస్తుంది, లాసెట్ పేపరు తెలుగులోనూ ఇస్తారు. ఇంట్లో అడిగితే "ఆడపిల్లకు కోర్టుల చుట్టూ తిరుగుడెందుకే" అంటారు. ఆఫీసుల చుట్టూ మా నాయనమ్మ ఎన్నిసార్లు తిరిగిందో వాళ్లకూ తెలుసు.

నేను లాసెట్ రాస్తున్నాను. ఇంకెవరైనా రాసేవాళ్లుంటే చెప్పండే, గైడు ఒక్కటే కొని కలిసి చదువుకుందాం.

– బీఏ (తెలుగు) ఫైనలియర్ విద్యార్థిని