మా గుఱ్ఱమునకు మాలెగాఁవులో జరిగిన పరీక్ష

ఆన్ బ్లంటు అను ఆంగ్లవనిత భర్తతోఁగూడి యూఫ్రటీసు తీరపు అరబ్బుల నడుమ సంచరించి, మేలుజాతి గుఱ్ఱములను గొని, 1878వ సంవత్సరమున స్వదేశమున క్రాబెట్టు అశ్వశాలను స్థాపించెను. ఆమె కథ చదివినది మొదలు నాకును గుఱ్ఱములపై మక్కువ పుట్టినది. అరబ్బు పోలికలుగల యొక యాఁడుగుఱ్ఱమును పిట్లములోని మా యింటఁ బెంచుచున్నాను.

మార్గశిర మాసాంతమున నాందేడు జిల్లా మాలెగాఁవులో ఖండోబా జాతర జరుగును. ఆ స్వామి వాహనము గుఱ్ఱమే. అచ్చటి గుఱ్ఱముల సంతయుఁ బేరుగన్నది. మొన్నటి జాతరకు దెగులూరు మీదుగా మేమును బోయితిమి. జూలు జడలల్లి, మెడకుఁ బూసలు గట్టి, గర్వముతో నిలుచుంటిని. (నా కూఁతురి రిబ్బనులన్నియు ఆ జడలకే చాలినవి!)

ఒక వృద్ధవర్తకుఁడు వచ్చి, కొంచెము లోనికి వంగిన ముఖరేఖను, విశాలనేత్రములను, నడచునపు డెత్తిపట్టు తోఁకను జూచి, "అరబ్బు రక్తము కొంత యున్నదమ్మా" అనెను. పిదప జడలవంకఁ జూడనైనఁ జూడక, కాలెత్తి, గిట్ట యడుగున గీఁకి వాసనఁ జూపెను. దుర్గంధము! "లాయపు నేల తడిగా నుండునా?" అని యడిగెను. నాకు సిగ్గు ముంచుకొనివచ్చినది. మూత్రము నిలుచు నేలపై గిట్ట మెత్తఁబడి కుళ్లునఁట. ఉలవ లెన్ని పెట్టిన నేమి?

నే ననుకొన్న వెలలో సగమే యిత్తు ననెను. అమ్మలేదు. ఇంటికి వచ్చి లాయమున మొరము పోయించి వాలు పెట్టించితిని. ప్రతిసాయంకాలమును గిట్టలు నేనే తుడుచుచున్నాను. వాసన యింకను బూర్తిగాఁ బోలేదు.