పసివారి చదువు – పెద్దల చిన్నచూపు

"పసిపిల్లల నాడించుటకు పట్టభద్రులు కావలయునా?" అని పలువురు పరిహసింతురు. ఇంజనీరింగు చదువువానిని చూచి గర్వించు బంధువులే, శిశువికాస శాస్త్రమును చదువు యువతిని చూచి, "ఇంతమాత్రమునకు విశ్వవిద్యాలయ మెందుకు? అమ్మమ్మ నేర్పదా?" అని యందురు. ఆ చదువును కోరినవాడు యువకుడైనచో పరిహాసము రెట్టింపగును. ఈ తలంపు సమంజసమా?

అమ్మమ్మకు తెలిసినది స్వల్పము కాదు. జోలపాటతో నిద్రపుచ్చుట, చందమామను చూపి గోరుముద్దలు తినిపించుట, కథలు చెప్పి మాటలు నేర్పుట—ఇవి తరతరముల అనుభవమున పండిన విద్యలు. కాని ఇంటి బిడ్డ నొకనిని పెంచుట వేరు. పలు ఇండ్లనుండి వచ్చిన ముప్పదిమందిని ఒకచోట చేర్చి, ఒక్కొక్కరి స్వభావము నెరిగి తీర్చిదిద్దుట వేరు. ఒక బిడ్డ పిలిచినను పలుకడు. అది మొండితనమా, వినికిడి లోపమా, ఆకలివలని నీరసమా? ఈ భేదమును గుర్తించుటకు ప్రేమ యొక్కటియే చాలదు. శిక్షణ పొందిన కన్ను వలయును. గుర్తింపక దండించినచో ఆ బిడ్డకు జరుగు అన్యాయము జీవితాంతము నిలువవచ్చును.

ఈ చిన్నచూపు మన దేశమునకే పరిమితము కాదు. జర్మనీ దేశీయుడగు ఫ్రోబెల్ 1840లో తన శిశుపాఠశాలకు 'పిల్లల తోట' యను అర్థముగల 'కిండర్‌గార్టెన్' అను పేరిడెను. 1851లో ప్రష్యా ప్రభుత్వము అట్టి పాఠశాలలనే నిషేధించెను. 1860లో గాని ఆ నిషేధము తొలగలేదు. వైద్యశాస్త్రము నభ్యసించిన మరియా మాంటిసోరి 1907లో రోము నగరపు పేదవాడలో 'పిల్లల యిల్లు' నెలకొల్పి, 1939లో మద్రాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నొసగెను. గుజరాతున గిజూభాయి బధేకా న్యాయవాద వృత్తిని విడిచి, 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపించెను. జనులాయనను 'మీసాల తల్లి' యని ప్రేమతో పిలిచిరి. శిశుపోషణ స్త్రీల పనియే యనువారికి ఆ పేరే సమాధానము.

మన దేశమున ఈ శాస్త్రము చిరకాలము గృహవిజ్ఞాన కళాశాలల నీడలో పెరిగెను. అందుచే ఇది ఆడపిల్లల చదువను భావము నాటుకొనెను. కాని కాలము మారినది. తల్లిదండ్రు లిరువురును పనికి పోవు ఇండ్లు పెరిగినవి. అమ్మమ్మ పల్లెలోను, మనుమరాలు పట్టణములోను ఉన్నారు. 1975లో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకము అంగన్‌వాడీలను ఊరూర నెలకొల్పెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడవ యేటినుండియే విద్యకు పునాది వేయవలెనని చెప్పినది.

విధానములు మారినంత వేగముగా మనసులు మారలేదు. అంగన్‌వాడీ కార్యకర్తకు లభించునది నేటికిని జీతము కాదు, 'గౌరవ వేతనము'. పేరులో నున్న గౌరవము పనికిని దక్కవలదా?

విశ్వవిద్యాలయమును ఒక మాట మరువరాదు. గ్రంథములు చదివినంతనే శిశువు అర్థము కాడు. పట్టభద్రుడు చాపపై కూర్చుండి పసివాని మాట నోపికతో వినవలెను. అమ్మమ్మ పాటను సైతము నేర్చుకొనవలెను.

మొక్కై వంగనిది మానై వంగునా యను సామెతను అందరును వల్లింతురు. మొక్కను అంత ముఖ్యముగా తలచు సంఘము, తోటమాలి చదువును తక్కువగా నెంచుట న్యాయము కాదు.