గూడు కాదు, కాపు ముఖ్యం

కదిరి ప్రాంతంలో గూటిబైలు దగ్గరున్న తిమ్మమ్మ మర్రిమాను సుమారు 5 ఎకరాల్లో ఊడలు దించి, 1989లో గిన్నిస్ రికార్డుకెక్కింది. ఎన్ని పక్షులకైనా అందులో చోటుంది. కానీ తనకల్లు వైపు గుట్టల్లో కనిపించే పిగిలిపిట్టకు ఓ చిన్న ముళ్లపొద చాలు. సన్నపుల్లలు, ఎండుగడ్డి, వేళ్లపోగులు చేర్చి, సాలెపట్టుతో బిగించి గిన్నెలాంటి గూడు కట్టుకుంటుంది.

రెండు మూడు గుడ్లు, దాదాపు 14 రోజుల పొదుగు. పిల్లలు ఒంటిమీద ఈకలు లేకుండా, కళ్లు తెరవకుండా పుడతాయి. ఇక తల్లికీ తండ్రికీ తీరికుండదు. ఎక్కువగా పండ్లు తిని బతికే ఆ జంట, పసికూనల కోసం పురుగులు వెదికి తెస్తుంది. వాటి రెట్టను సైతం ముక్కున కరచి దూరంగా పారేస్తుంది. పిల్లికీ కాకికీ పాముకూ అందే గూడది. అంటిపెట్టుకుని ఉండే తల్లిదండ్రులే దాని బలం. గూడు విడిచినా సరిగా ఎగరలేని పిల్లలకు కొన్నాళ్లు నోటికందిస్తూనే ఉంటాయి.

దారిన పోయేవాడికి పక్షిగూడు కనబడితే పిల్లలతోపాటు తల్లిని పట్టుకోకూడదని, తల్లిని విడిచిపెడితే మేలు కలిగి దీర్ఘాయువు పొందుతాడని ధర్మశాస్త్రం చెప్పింది (ద్వితీ 22:6,7). తల్లిదండ్రులను సన్మానించేవారికి ఇచ్చిన వాగ్దానం కూడా ఇదే (5:16). పొదలోని తల్లిపక్షిని సైతం దేవుడు అంత విలువగా చూశాడన్నమాట!

వానలు మొహం చాటేసి వేరుశనగ ఎండిపోయిన ఏడు, ఈ కరవు సీమనుంచి ఎందరో తల్లిదండ్రులు పిల్లలను అవ్వాతాతల దగ్గర వదిలి బెంగళూరుకో కేరళకో పనికి వెళ్తారు. వారిని తప్పుపట్టకండి, మేతకోసం పక్షి కూడా గూడు దాటుతుంది. తప్పుపట్టవలసింది ఇంట్లోనే ఉండి కూడా పిల్లలకు దొరకని మనలను! పెద్ద ఇల్లు కట్టాం, మంచి స్కూల్లో చేర్చాం, కానీ పిల్లవాడితో కూర్చుని ప్రార్థన చేసి ఎన్నాళ్లయింది?

పిచ్చుకకూ వానకోవెలకూ దేవుని బలిపీఠం దగ్గరే గూడు దొరికిందని కీర్తనకారుడు పరవశించాడు (84:3). మరి వలసవెళ్లిన విశ్వాసి బిడ్డకు మన చర్చిలో గూడుందా? ఆదివారం సండేస్కూలు అయ్యాక ఆ పిల్లవాడు ఏం తిన్నాడో, జ్వరమొస్తే ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్లారో అడిగేవారున్నారా? పిచ్చుక నేలరాలినా తెలిసే పరలోకపు తండ్రి (మత్తయి 10:29) ఆ బిడ్డ సంగతి మననే అడుగుతాడు. జవాబు సిద్ధం చేసుకోవద్దు, ఈ ఆదివారమే ఆ బిడ్డను మనింటికి భోజనానికి పిలుద్దాం.